అక్క చెప్పిన పాఠం

"ఫ్లైట్ పదకొండింటికి. డాక్టరు మన మనిషే, అవతలి దేశం మనిషి కూడా. డబుల్ ఏజెంట్. ల్యాబ్‌లోంచి మాయమైన ఆ సీసా మాత్రం దేశం దాటకూడదు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ తొమ్మిది తలూపింది. ఎనిమిది నెలలుగా డాక్టరు ల్యాబ్‌లో ఆమెది సీసాలు కడిగే మనిషి వేషం. డాక్టరు ఆమెను పనిమనిషిలా చూస్తేగా! డాక్టరమ్మవి హైహీల్స్, ఎర్ర లిప్‌స్టిక్, చూస్తే సినిమా తారే. అయినా తన క్యారియర్ విప్పి ఈమెకు సగం పెట్టేది. ఓసారి మైక్రోస్కోప్‌లో చూపిస్తూ పాఠం కూడా చెప్పింది.

"చూడవే, జ్వరం తెచ్చే క్రిమి, ఒంట్లో ఉన్నది ఒకటే కణం. దీని తాతముత్తాతలు సముద్రంలో నాచులా ఎండ తిని బతికాయి. ఒకరి ఒంట్లో దూరి తినడం మరిగాక ఆ విద్య మరిచిపోయాయి. ఆ నాచు తునక మాత్రం ఇంకా కడుపులో దాచుకుంది. మన మందు కొట్టేది అక్కడే."

"మరి ఈ కొత్త రకం?"

"దీనికి ఏ మందూ పనిచెయ్యదు. మనిషి ఒంటి వేడి కన్నా చల్లబడితేనే చస్తుంది."

ఇప్పుడు మాయమైంది ఆ కొత్త రకమే. జనం మీద వదిలితే ఊళ్ళకు ఊళ్ళే జ్వరంతో తుడిచిపెట్టుకుపోతాయి.

చీఫ్ ఇచ్చిన కళ్ళజోడులో ఐస్‌పెట్టెలన్నీ నీలంగా మెరుస్తాయి. ఎయిర్‌పోర్టులో పన్నెండు పెట్టెలు విప్పించారు. మందులు, చేపలు, పూలు. చలికి చచ్చేదాన్ని ఎవరూ ఐస్‌లో తీసుకుపోరని ఆమెకు తెలుసు. పొద్దుటి నుంచి ఆ మాట చీఫ్‌కు మాత్రం చెప్పలేదు.

"గేటు మూస్తున్నారు. ఆధారం లేకుండా ఆవిణ్ణి తాకలేం," చెవిలో చీఫ్ గొణిగాడు.

సాగనంపే నెపంతో ఆమె డాక్టరు ముందుకు వెళ్ళింది.

"ఇంత దూరం ఎందుకొచ్చావే పిచ్చిమొహమా," అంటూ డాక్టరు హత్తుకుంది. ఎప్పుడూ రెండు చేతులా పొదువుకునే మనిషి, ఇవాళ ఒంటి చేత్తో. ఎడమ చెయ్యి ఒంటికి అతుక్కుపోయి ఉంది.

ఏజెంట్ తొమ్మిది ఆ చేతి వంక చూసింది. "అక్కా, ఆ చెయ్యి కూడా వెయ్యి."

డాక్టరు నవ్వు ఆగిపోయింది. మెల్లగా చెయ్యెత్తింది. చంకలో, చేతిరుమాల్లో చుట్టిన సీసా.

"తిన్న తిండి గుర్తు రాలేదుటే?"

"వచ్చిందక్కా. అందుకే ఇంత ఆలస్యం."

డాక్టర్ని తీసుకుపోయారు. చెవిలో మళ్ళీ చీఫ్: "చలికి చస్తుందని ఇప్పుడా చెప్పడం! మందు కనిపెట్టాలంటే అది బతికుండాలి. వెచ్చని పెట్టె రావడానికి అరగంట. ఏం చేస్తావో నీ ఇష్టం."

ఏజెంట్ తొమ్మిది సీసాను చంకలో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. ఎవరైనా హత్తుకోవడానికి వస్తే దొరికిపోతానని భయపడింది. ఎవరూ రాలేదు.