తాజ్ మొహమ్మద్ లారీ ఎంటపడ్డది

వికారాబాద్ గుట్ట దిగి తాండూర్ దిక్కు వస్తుంటే, రోడ్డు పక్కన నైజాం కాలం నాకా, బండ్లను ఆపి చూసే చౌకీ, ఒకటుండె. కప్పు కూలింది, గోడలు మాత్రం నిలబడ్డయి. పొద్దుగూకినంక ఆడికెల్లి పోవాలంటే అందరికి భయమే. ఆ నాకా కాడ చచ్చిపోయిన జవాను ఒకడు ఇంక కావలి కాస్తుండని, ఆగకుండ పోయే బండిని ఎనుక నుంచి తడుతడని చెప్పుకునేటోళ్ళు.

టక్... టక్... అని.

తిరిగి చూస్తివా — ఇగ అంతే.

మా మేనమామ నర్సప్ప ఆ చప్పుడు తన చెవులతోని విన్నడు. తాండూర్ల బండలు ఎత్తే హమాలీ ఆయన. పందొమ్మిది వందల యాభై ఏడుల జరిగిన ముచ్చట ఇది, ఆయన చెప్పిందే చెప్తున్న.

మా మామ బండలు ఎక్కిచ్చే లారీ తాజ్ మొహమ్మద్‌ది, అతనికి అప్పుడు ఇరవై ఆరేండ్లు. యుద్ధం అయినంక సర్కారు అమ్మేసిన మిలిటరీ లారీ అది. దాని మీదనే పాణం. కొరత ఒక్కటే — చక్రాలు బాడీ కిందికి, లోపలికి ఉంటుండె.

"పొట్ట ఇంత, కాళ్ళు ఇంత... ముసలోని లెక్క నిలబడ్డది నర్సప్పన్నా!" అని ఒకటే పరేషాన్.

తెల్లారితే మా ఊరి ఎల్లప్ప కొడుకు పెండ్లి. నలభై మంది ఆ లారీల్నే కోట్‌పల్లి పోవాలె. అంతమంది ముంగట తన లారీ పైల్వాన్ లెక్క కాళ్ళు ఎడంగ పెట్టి నిలబడాలె... అదీ తాజ్ కోరిక.

కమ్మరి బీరయ్యతోని బొటనవేలంత మందం ఇనుప బిళ్ళలు చేపిచ్చి, ఎనుక చక్రాల లోపటి దిక్కు పెట్టి బిగిచ్చిండు. చక్రాలు బయటికొచ్చినయి. దూరం పోయి చూసుకొని మీసం దువ్వుకున్నడు.

బీరయ్య మాత్రం తల అడ్డం ఊపిండు. "బిళ్ళ మందానికి బోల్టు పొట్టిగైంది. నట్టుకు మూడు చుట్లే అందుతున్నయి. పొడుగు బోల్టులు చేస్త, వారం ఆగు."

"పెండ్లి రేపాయె!" అన్నడు తాజ్.

ఆ దినం వికారాబాద్‌ల బండలు దించి, ఖాళీ లారీతోని మర్లిండ్రు ఇద్దరు. గుట్ట దిగేసరికి మసక పడ్డది. నాకా గోడలు దీపాల ఎలుగుల కనపడ్డయి... దాటిపోయినయి.

టక్.

మా మామ తాజ్ దిక్కు చూసిండు.

టక్... టక్...

"ఇన్నవా?" తాజ్ గొంతు తగ్గిచ్చి అడిగిండు.

"చూడకు... ఎనుకకు చూడకు."

తాజ్ ఉరికిచ్చిండు. చప్పుడు కూడ ఉరికింది — టక్‌టక్‌టక్‌టక్! భయపడి జర మెల్లగ చేసిండు. అదీ మెల్లగైంది. టక్... టక్... లారీ ఎంత పోతే అంత... లాగు పట్టుకున్నట్టు ఎంబడే వస్తుంది!

"యా అల్లా... మనం ఏం తప్పు చేసినం అన్నా?"

మా మామ కండ్లు మూసుకొని కూసున్నడు.

దిగుడు వచ్చింది. చప్పుడు ఒక్కసారి ఆగింది.

అప్పుడు — ఎడమ దిక్కు నుంచి నల్లగ, గుండ్రంగ ఏదో లారీని దాటుకొని ముంగటికొచ్చింది! దీపాల ఎలుగుల ఎగిరెగిరి ఉరికి... రోడ్డు దిగి చీకట్ల కలిసింది.

మా మామ అరిచిండో లేదో, లారీ ఎడమకు కూలబడ్డది. ఇనుము రోడ్డును గీరుకుంట నిప్పులు లేసినయి. మోరీ అంచు కాడ — జానెడు ఇవతల — ఆగింది.

తాజ్ దిగి అగ్గిపుల్ల గీసిండు. ఎనుక చక్రం లేదు. బోల్టులు కొన్ని తెగినయి, కొన్నిటి నట్లు లేవు. నట్లు వదులై చక్రం కొట్టుకున్న చప్పుడే అది.

తాజ్ నవ్విండు. కండ్లల్ల నీళ్ళొచ్చేదాక నవ్విండు. "మనెంట పడ్డది జవాను కాదన్నా, బీరయ్య మాట!"

చక్రం దేవులాడుకుంట చేన్లకు దిగిండ్రు. కోసిన జొన్నచేను. జరంత దూరంల కల్లం, కుప్ప పక్కన సన్నటి దీపం.

దీపం ఎనుక ఒక ఆడమనిషి నిలబడ్డది. చంటిబిడ్డను రొమ్ముకు అదుముకున్నది. ఈళ్ళను చూసి ఒక్కో అడుగు ఎనుకకు ఏస్తుంది.

"మీరు... మనుషులేనా?"

"మనుషులమే అమ్మా, భయపడకు," అన్నడు మా మామ.

ఆమె పేరు మొగులమ్మ. కల్లం కాడ పంటకు కావలి పండుకున్నదట. నేల దిక్కు ఏలు చూపిచ్చింది.

నేల మీద గొంగడి పరిచి ఉంది. దాని మీద, తలగడ పెట్టిన జాగల — చక్రం!

"బిడ్డ ఏడ్చిందని... ఎత్తుకొని అటు పోయిన... అంతే..." ఆమె బిడ్డను ఇంక గట్టిగ అదుముకున్నది. "ఎవలు... ఎవలు ఇసిరిండ్రు గిది?"

తాజ్ నవ్వు ఎటు పోయిందో. గొంగడి ముంగట మోకాళ్ళ మీద కూలబడ్డడు.

"నేనే, అక్కా."

తెల్లారి పెండ్లోళ్ళు ఎడ్ల బండ్ల మీద పోయిండ్రు. చక్రం మాత్రం మూడు దినాలు ఆ కల్లంలనే పడి ఉండె. దయ్యం చక్రమని ఊరోళ్ళు దాని దగ్గరికి రాలె. తాజ్ కూడ రెండుసార్లు పోయిండట... చెయ్యి జాపి, ముట్టకుండనే ఎనుకకు తీసుకున్నడట.