నిమ్మరసంలో పాలరాతి పావురం

గిన్నెలో బుడగలు లేస్తుంటే చిన్నారి పొట్టి సంబరపడింది.

"మురికి వదిలిపోతోంది" అనుకుంది.

గిన్నెలో ఉన్నది పాలరాతి పావురం. పొట్టి వాళ్లమ్మ శిల్పాలు చెక్కే షెడ్డులో పనిచేసేది. జబ్బు ముదరక ముందు ఆఖరిగా చెక్కింది దాన్నే. ఆమె పోయాక నాన్న రోజూ డ్యూటీ నుంచి రాగానే పావురాన్ని తువ్వాలుతో తుడిచి, మళ్లీ కిటికీలో పెట్టేవాడు. పోయిన వానాకాలం నుంచి అది పసుపుపచ్చగా మారుతోంది.

నిన్న క్లాసులో టీచర్ నల్లబడ్డ రాగి చెంబును నిమ్మచెక్కతో రుద్దితే తళతళలాడింది. పొట్టి మనసులో అది నాటుకుపోయింది. పావురం కూడా మెరిస్తే నాన్న ఒక్కసారైనా నవ్వుతాడేమో. అందుకే ఇంట్లో ఉన్న నిమ్మకాయలన్నీ పిండేసి, అందులో పావురాన్ని ముంచి, ఆడుకోవడానికి వెళ్లింది.

సాయంత్రం తీసి చూసింది. నునుపంతా పోయింది. సుద్దముక్కలా గరుగ్గా ఉంది. అమ్మ సన్నగా చెక్కిన ఈకలు లేవు. కళ్లు లేవు.

గేటు చప్పుడైంది. పొట్టి పావురాన్ని బట్టల కింద దాచేసింది.

"కిటికీలో పావురం ఏదమ్మా?" అన్నాడు నాన్న.

"తెలీదు."

నాన్న మంచం కింద వెతికాడు. పెరట్లో వెతికాడు. అన్నం కలుపుకుని, తినకుండానే లేచిపోయాడు.

మర్నాడు క్లాసయ్యాక టీచర్ దగ్గరికెళ్లింది.

"టీచర్, పాలరాయి నిమ్మరసంలో పడితే ఏమవుతుంది?"

"కరుగుతుంది. రాయిలో పరమాణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కదా. నిమ్మరసం ఆమ్లం. ఆ పట్టు విడదీస్తుంది. కొంత బుడగలై గాలిలోకి పోతుంది, కొంత రసంలో కలుస్తుంది."

"మరి రాగి చెంబు బాగానే ఉందిగా?"

"అక్కడ పోయింది పైనున్న నలుపు. ఇక్కడ పోయేది రాయే."

"మళ్లీ అతుక్కోదా?"

టీచర్ ఆమె మొహంలోకి చూసింది. "అతుక్కోదమ్మా. ఏం పాడైంది?"

పొట్టి తల దించుకుంది. "ముందు నాన్నకి చెప్పాలి టీచర్."

ఆ సాయంత్రం నాన్న వచ్చి చెప్పులు విప్పుతుండగానే పావురాన్ని తెచ్చి చేతిలో పెట్టింది.

"నేనే నాన్నా. మెరుస్తుందని నిమ్మరసంలో వేశాను. నిన్న అబద్ధం చెప్పాను."

నాన్న గోడకానుకుని కూర్చుండిపోయాడు. తిట్టినా బాగుండుననిపించింది పొట్టికి. ఆయన బొటనవేలు రాయి మీద మెల్లగా తిరిగి, ఒకచోట ఆగింది.

"వేలు ఇలా ఇవ్వు" అన్నాడు. పొట్టి వేలికి రెక్క కింద లోతైన గీత తగిలింది. "ఇక్కడ మీ అమ్మ ఉలి జారింది. పాడుచేశానని ఆ రోజంతా బాధపడింది. ఇదొక్కటీ మిగిలింది."

పొట్టి ఏడ్చింది. నాన్న కళ్లు తుడుచుకున్నాడు. పావురం మళ్లీ కిటికీలోకి వెళ్లింది, కళ్లు లేకుండానే.

ఆదివారం అటక దులుపుతుంటే అమ్మ ఉలుల పెట్టె దొరికింది. అన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. పొట్టి గబుక్కున గుడ్డ అందుకుంది. అంతలోనే ఆగి, పెట్టెను నాన్న దగ్గరికి మోసుకెళ్లింది.

"నాన్నా, వీటిని దేనితో తుడవాలి?"

నాన్న ఒక ఉలి చేతిలోకి తీసుకున్నాడు. "నాకూ తెలీదమ్మా."

"అయితే షెడ్డులో అమ్మతో పనిచేసినవాళ్లని అడుగుదామా?"

అమ్మ పోయాక నాన్న షెడ్డున్న ఆ వీధి వైపే వెళ్లలేదు. ఉలిని మళ్లీ పెట్టెలో పెట్టాడు. తర్వాత లేచి చొక్కా వేసుకుని, పెట్టె చంకన పెట్టుకున్నాడు.