ఆరు గంటల పెళ్ళికొడుకు

మార్చి పదకొండు. మధ్యాహ్నం రెండు దాటాక, విమాన టికెట్ల ఆఫీసులో ఆమె తన కంప్యూటర్ వెనక దాక్కుని బ్రెడ్డూ ఉడికించిన గుడ్డూ తింటోంది. పక్కవీధి కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే యువకుడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. దూరదేశంలో ఉద్యోగం వచ్చిందట. ఇంతవరకూ విమానం ఎక్కలేదు. ఆమె నోట్లోది మింగేదాకా ఆగాడు. ఆ ఒక్క మంచిపనీ చేసి, నోరు విప్పాడు.

"ఆరు గంటల ప్రయాణమే కదండీ?"

"ఎవరు చెప్పారు?"

"ఇక్కడ పొద్దున పదింటికి లేస్తుంది, అక్కడ సాయంత్రం నాలుగింటికి దిగుతుంది. తీసివేత నాకూ వచ్చండీ."

"అదొక్కటే వచ్చు. అక్కడి గడియారం మనకంటే దాదాపు పది గంటలు వెనక. పద్నాలుగు వేల కిలోమీటర్లు, పదహారు గంటలు గాల్లో ఉండాలి. మీరనుకున్న విమానం ఇంకా తయారవలేదు. అయ్యాక కబురు పెడతాను."

అతను నవ్వాడు. దాంతో ఆమెకు ఇంకాస్త ఒళ్ళు మండింది.

తర్వాత సామాను బరువు అడగడానికోసారి, కిటికీ సీటు కోసం ఓసారి వచ్చాడు. "ఏం ఆరుగంటలూ, మీరెళ్ళే ఊరేమైనా దగ్గరికి జరిగిందా?" అనేది ఆమె. ఒకరోజు ఆమె కళ్ళజోడు వదులైతే, అడక్కుండానే బిగించి తుడిచి ఇచ్చాడు. వానలు మొదలయ్యేసరికి, అతను రాని రోజున వెటకారం చేయడానికి మనిషి లేక ఆమెకు తిండి సహించడం లేదు.

"పెళ్ళి చేసుకుని నాతో వస్తావా?" అని అతను అడిగిననాడు మాత్రం ఆమె తింటున్న బ్రెడ్డు పక్కన పెట్టేసింది.

"మా అక్కనడగాలి. అమ్మ పోయాక పెంచింది తనే. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే దూరం దాటి నన్నివ్వనంది. నువ్వు ఆరు గంటలని చెప్పెయ్."

"నేనా?"

"మొదట అన్నది నువ్వేగా. మళ్ళీ అను. తను కాదంటే నేను రాను, చెప్తున్నా."

ఆదివారం సాయంత్రం అతను వాళ్ళింటికి వెళ్తే, అక్క బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఎంత దూరం?"

టేబుల్ కింద ఆమె అతని కాలు తొక్కింది.

"పదహారు గంటలండీ. ఎయిర్‌పోర్టుకి పోవడం, రావడం వేరే."

ఆమె ముఖం మాడిపోయింది. "చూశావా అక్కా, ఈయన తెలివి."

"నీ తెలివే చూస్తున్నా. ఆరు గంటలనుకున్న వెర్రివెంగళప్ప గురించి వారంపాటు భోజనాల దగ్గర చెప్పి చెప్పి నవ్వావు. ఇతనేనా అతను?"

ఆమె తల వంచుకుంది. అతను తొక్కించుకున్న కాలికేసి చూసుకున్నాడు.

"నువ్వు ఆరని ఉంటే ఈపాటికి గుమ్మం దాటించేదాన్ని బాబూ," అంది అక్క. "దీని నోటికి జడవకుండా నిజం చెప్పావు. రేపక్కడ దీనికి జ్వరమొస్తే నా దగ్గర దాచవు. పదహారు గంటలైతేనేం, వచ్చి చూస్తాను. నాకు మాత్రం టికెట్ ఇవ్వరా ఏం?"

బయట వాన పెద్దదైంది. వరండాలో నిలబడి ఆమె అతన్ని తిడుతోంది. తిడుతూనే, తడవకుండా అతని చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగుతోంది. "ఇంకోసారి తిట్టు," అంటున్నాడతను. అక్క వాళ్ళకోసం లైటు ఉంచేసి, తన గదిలోకి వెళ్ళి తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.