ఎడిటర్ గారి దగ్గు

"మళ్ళీ దగ్గారు. ఈ దగ్గు కూడా అచ్చు వెయ్యమంటారా?" అంది ప్రూఫ్ రీడర్.

ఎడిటర్‌కి మొహం జేవురించింది. ఆ పబ్లిషింగ్ ఆఫీసులో ఒక పద్ధతుంది. ఒకరు పాత పుస్తకం పైకి చదవాలి, ఇంకొకరు కొత్త ప్రూఫ్ మీద పెన్సిల్ పెట్టుకుని వినాలి. పుస్తకమేమో తాతల కాలం నాటి గొప్ప నవల. అందులో ముసలావిడ నోరు తెరిస్తే బూతు. భూస్వామి నోరు తెరిస్తే అంతకన్నా పాడు మాట, కూలివాళ్ళ కులమెత్తి అనేది. స్కూళ్ళ ఆర్డర్ కోసం వాటన్నిటినీ పీకేసి మర్యాద మాటలు పెట్టిన ఘనుడు మన ఎడిటరే. పీకేశాడు సరే, అమ్మాయి ఎదుట పైకి చదవాల్సొస్తుందని అనుకోలేదు పాపం. అందుకే బూతు వచ్చినప్పుడల్లా దగ్గు.

"తాగొచ్చిన మొగుణ్ణి ఏ పెళ్ళామైనా 'ఓ అవివేకీ' అంటుందా అండీ? మీ ఇంట్లో అంటారా?"

"మా ఇంట్లో ఎవరూ తాగరు."

"తిట్టుకోరూ?"

"మామయ్య తిడతాడు. కానీ ఆయన పబ్లిషర్."

ఆమె పకపకా నవ్వింది. ఆమె నవ్వితే అతనికి చదివే లైను తప్పిపోయేది. దాన్ని కాస్త తీరిగ్గానే వెతుక్కునేవాడు.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం భూస్వామి పేజీ వచ్చింది. అతను దగ్గాడు. ఆమె నవ్వలేదు. పెన్సిల్ కింద పెట్టింది.

"ఈ మాట ఎందుకు తీశారు?"

"ఆ కులంవాళ్ళు బాధపడతారని."

"ఎవర్నడిగారు?"

"అడిగేదేముందండీ, తెలిసిందేగా."

"నన్నడగొచ్చుగా! మా అమ్మమ్మని బతికినన్నాళ్ళూ ఆ మాటతోనే పిలిచారు. మీరు చెరిపేస్తే ఎవరూ ఏమీ అననట్టే. బాధ మాది, పరువు ఆ మాట అన్నవాళ్ళది. మీరు కాపాడుతున్నది ఆ పరువుని."

"పిల్లలు చదివి నేర్చుకుంటారేమోనని..." అని నసిగాడు.

"అది ఎందుకు తప్పో కింద నాలుగు ముక్కలు రాయండి. నేర్చుకునేవాళ్ళు ఇంట్లోనే నేర్చుకుంటారు, పుస్తకం దాకా ఎందుకు? రేపట్నుంచి ఇంకొకర్ని చూసుకోండి."

ఆమె వెళ్ళిపోతే ఈ గదిలో తనకేమీ మిగలదని అప్పుడు తెలిసింది మహానుభావుడికి. గబగబా తీసినవన్నీ తిరిగి పెట్టి, ప్రూఫులు పట్టుకుని మామయ్య గదిలోకి నడిచాడు.

పుస్తకం కడిగిన ముత్యంలా ఉండాలన్న మామయ్య ఆ పేజీలు చూసి ఇంతెత్తున లేచాడు. నవలలో ముసలావిడ తిట్లన్నీ పొల్లు పోకుండా తిట్టి, ఆవిడకి తెలియనివి ఇంకో రెండు కలిపాడు. సెలవు చెప్పడానికొచ్చిన ప్రూఫ్ రీడర్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవర్రా నీకీ బుద్ధి ఎక్కించింది?"

"ఈవిడే మామయ్యా. ఈవిణ్ణే పెళ్ళి చేసుకోవాలనుంది. ఈవిడకింకా చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పారుగా," అంది ఆమె, కళ్ళు పెద్దవి చేసి.

మామయ్య ఆమెని ఎగాదిగా చూసి, "మీరెవరమ్మాయ్?" అన్నాడు. అడిగింది ఏమిటో ఆమెకి తెలుసు. చెప్పింది. అంతే, భూస్వామి మాట ఆయన నోట్లోంచి ఊడిపడింది. అదేమిటో నేనూ రాయను. నాకూ మేనమామలున్నారు.

ఆమె గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"పుస్తకంలోంచి తీసింది మీ నోట్లో దాచుకోవడానికా సార్?" అంది ఆమె.

మామయ్య కుర్చీలో కూలబడ్డాడు.

"క్షమాపణ చెప్పు మామయ్యా," అన్నాడు మేనల్లుడు. ఆయనతో ఆ గొంతుతో మాట్లాడటం అతనికదే మొదలు.

మామయ్య ప్రూఫులు ముందుకు లాక్కుని ఆ పేజీ మళ్ళీ చదివాడు. "తప్పయిందమ్మా. పుస్తకం ఉన్నదున్నట్టే వేస్తాం," అన్నాడు చివరికి, తల వంచుకుని.

మెట్ల దగ్గర ఆమె ఆగింది. వాన ఇంకా వెలవలేదు.

"మా అమ్మకి ఈ సంగతి తెలిస్తే మీ మామయ్యని మించి తిడుతుంది. మిమ్మల్నీ కలిపి. వచ్చి అడిగే ధైర్యం ఉందా?"

"వస్తానండీ. ఎన్ని తిట్టినా కూర్చుని వింటాను. ఒక్క ముక్క కూడా తీసెయ్యను."