చెమ్మ మడత

"నేను ఉతికించిన దుప్పట్ల మీద బ్యాక్టీరియానా? ముందు మీ కళ్లజోడు తుడుచుకుని చూడండి మేడమ్!"

ఆసుపత్రి లాండ్రీ సూపర్‌వైజర్‌కి ఒళ్లు మండిపోయింది. ల్యాబ్ నుంచి వచ్చిన అమ్మాయి మాత్రం తాపీగా ఇంకో దుప్పటి మీద దూదిపుల్ల రాసి సీసాలో పెట్టుకుంది.

"కళ్లజోడుకి కనిపించవండీ. రెండు రోజులు పెంచి చూడాలి."

"పెంచుకోవడానికి మీకు కుక్కపిల్లలు దొరకలేదా?"

ఆమెకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. ఆ ఆపుకోవడం చూసి అతని కోపం సగం దిగిపోయింది. మిగతా సగాన్ని నిలబెట్టుకోవడానికి నానా తంటాలు పడ్డాడు.

రెండోసారి రిపోర్ట్‌లోనూ బ్యాక్టీరియా ఉందనే వచ్చింది. మూడోసారి కూడా వస్తే ఉతుకుడు పని బయటివాళ్లకి ఇచ్చేస్తామని సూపరింటెండెంట్‌గారు తేల్చేశారు. అంటే అతనికీ, అతని కింద ఉన్న ఆరుగురికీ ఉద్యోగం గల్లంతే.

మర్నాడు ఆమె స్టూలు వేసుకుని ఒక పూటంతా పని చూసింది. మడతపెట్టిన దుప్పటిలోకి చెయ్యి పోనిచ్చింది.

"ఇది పూర్తిగా ఆరలేదు కదండీ?"

"కాస్త చెమ్మ ఉండగానే డ్రయ్యర్‌లోంచి తీస్తే మడత నీటుగా నిలుస్తుంది. అందరికీ నేనే నేర్పాను," అన్నాడు గర్వంగా.

అనేశాక తనకే తట్టింది. చెమ్మ దుప్పట్లని దొంతర్లుగా పేర్చి రెండేసి రోజులు అలమరలో మూసిపెడుతున్నదీ తనే. వేడినీళ్లకి చావకుండా మిగిలిన పిసరంత బ్యాక్టీరియా అక్కడ పండగ చేసుకుంటోంది. ఆ దుప్పట్లు వెళ్లేది పసిపిల్లల వార్డుకి.

"పిల్లలకి ఏమైనా..." అన్నాడు అలమర తలుపులు బార్లా తెరిచేస్తూ.

"ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు," అంది మెత్తగా.

ఆ సాయంత్రమే సూపరింటెండెంట్‌గారు ఇద్దర్నీ పిలిచారు. "మెషిన్ పాతదైపోయిందా?" అని ఆయనే తప్పించుకునే దారి చూపించారు.

"మెషిన్ బంగారంలా ఉందండి. తప్పు నాది," అన్నాడతను, అంతా చెప్పేసి.

చీవాట్లు తిన్నాడు. ఒక వారం గడువు కూడా దొరికింది. ఆ వారమంతా ఎండుటాకుల్లా గలగలలాడేదాకా ఆరనిచ్చి మడతపెట్టించాడు. మడతలు వంకరగా వచ్చాయి, రిపోర్ట్ మాత్రం శుభ్రంగా వచ్చింది.

"పాసయ్యారు. ఇక నేను ఇటు రానక్కర్లేదు," అంది కాగితం చేతికిస్తూ.

ఉద్యోగం నిలిచినందుకు గంతులేయాల్సినవాడు బిక్కమొహం వేశాడు.

"ఇంకోసారి టెస్ట్ చేస్తే మంచిదేమోనండి. మీరు రాకపోతే నాకసలు తోచదు."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "నాకూ అంతే. అందుకే మా అమ్మకి మీ గురించి చెప్పేశాను."

"ఏమని?"

"మెషిన్ మీదకి నెట్టేసే వీలుండి కూడా తప్పు నాదన్న మనిషని. 'అలాంటివాడు నిజంగా ఉంటే ఆదివారం తీసుకురా, చూస్తాను' అంది."

ఆ రోజు ఇంకా సోమవారమే.

"ఆదివారం దాకా ఆగాలాండీ?" అన్నాడతను.