కారం అంటిన చేతులు

ప్రాజెక్టులో జతగా పనిచేసిన స్నేహితురాలు నజ్మీన్ ఫోన్ చేసేసరికి లక్ష్మీదుర్గ కల్లంలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"ఒసేయ్ దుర్గా, మన పేపర్ తీసుకున్నారే. ఎవరో రావట్లేదట, రేపు మధ్యాహ్నం గుంటూరు సెమినార్‌లో ఆ టైం మనకిచ్చారు. నువ్వే మాట్లాడాలి."

దుర్గ ఒళ్ళోని తొడిమలు దులుపుకుని లేచింది. ఎం.ఫార్మసీ చివరి ఏడాదంతా ఆ ప్రాజెక్టుతోనే ల్యాబ్‌లో కాపురం చేసింది. పెళ్ళి హడావుడిలో అదిక అటకెక్కినట్టే అనుకుంది. ఇప్పుడీ కబురు ముందుగా ఎవరికి చెప్పాలి? ఇంకెవరికి, పెళ్ళై నెల తిరగని మొగుడికి.

డ్రమ్ములో నీళ్ళతో గబగబా చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. కల్లం అవతల కరుణాకర్ అటు తిరిగి కాయల కింద పరిచిన పట్టా సర్దుతున్నాడు. పిల్లిలా వెనక నుంచి వెళ్ళి అతని రెండు కళ్ళూ మూసింది.

"ఎవరో చెప్పుకోండి చూద్దాం."

"ఈ కల్లంలో ఇంత ధైర్యం ఎవరికుంది, మా దుర్గ..." అంటూండగానే అతని నవ్వు ఆగిపోయింది. "అబ్బా. చెయ్యి తియ్. దుర్గా, ముందు చెయ్యి తియ్."

ఆమె కంగారుగా చెంబుతో నీళ్ళు తెచ్చి, అవే చేతులతో మొహం కడిగింది. కడిగేకొద్దీ మంట బుగ్గలకూ మెడకూ పాకింది.

తొడిమలు తీస్తున్న జోహరాబీ లేచి నిలబడి చూసింది. "ఏందమ్మాయ్, నెల తిరక్కుండానే మొగుడి కళ్ళల్లో కారం కొట్టావా?"

కల్లమంతా నవ్వింది. అత్తగారు కోటిరత్నం ఒక్కతే నవ్వలేదు. మొహం పక్కకు తిప్పుకుంది. దుర్గకు ఆ తిప్పుకోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

దర్శిలో డాక్టరు అంకమ్మరావుగారు సెలైన్‌తో కళ్ళు బాగా కడిగి చుక్కలు వేశారు. "రేపటికి తగ్గిపోతుందయ్యా. కళ్ళు మూసుకుని పడుకో," అని దుర్గ వైపు తిరిగారు. "నువ్వేం చదివావమ్మా?"

"ఎం.ఫార్మసీ అండి."

"ప్రాజెక్టు దేనిమీద?"

దుర్గ బల్ల మీదున్న దూది వంక చూసింది. "మిరపకాయలో ఉండే కారం మీదండి. అది చర్మం దాటి నరాల్లోకి ఎలా వెళ్తుందో..."

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంత మంటలోనూ కరుణాకర్ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుంది. నవ్వుతున్నాడు. మొహం దాచుకుందామని చేతులెత్తి, గుర్తొచ్చి మళ్ళీ దించేసింది. సిగ్గుపడే వీలు కూడా లేకపోయింది.

ఇంటికొచ్చాక చేతులకు నూనె రాసి, తుడిచి, సబ్బుతో కడుక్కుంది. ముందే చేయాల్సిన పని. కారం నీళ్ళకు లొంగదనీ, నూనెలో కరుగుతుందనీ తన ప్రాజెక్టు మొదటి పేజీలోనే రాసుకుంది.

సాయంత్రం వంటింట్లోంచి నజ్మీన్‌కు ఫోన్ చేసింది. "నేను రానే. నువ్వు చెప్పెయ్. నా చేతికంటిన కారం సంగతే తెలియనిదాన్ని, అంతమందికి ఏం చెప్తాను?"

నజ్మీన్ ఏదో అరుస్తుండగానే పెట్టేసింది.

"దుర్గా, ఇట్రా," వసారాలోంచి కరుణాకర్ పిలిచాడు. కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని మంచం మీద పడుకున్నాడు. "రేపు మాట్లాడాల్సింది నాకు చెప్పు."

"ఎందుకండీ, నేను వెళ్ళట్లేదుగా."

"వెళ్ళకపోతే మానెయ్. కళ్ళు మూసుకోమన్నారు, ఊసుపోవట్లేదు. నువ్వు చేసిన పనేగా."

దుర్గ చేతులు వెనక్కి పెట్టుకుని దగ్గరికొచ్చింది. మంచం చివర కూర్చుంది.

"కణం చుట్టూ ఒక పొర ఉంటుందండి. కొవ్వుతో చేసిన గోడ, రెండు వరసలు. నీళ్ళలో కరిగే మందులు చాలావరకు దాన్ని దాటలేవు. వాటికి తలుపులు వేరే ఉండాలి. కొవ్వులో కరిగేవి తలుపు కొట్టవు. గోడలోనే కలిసిపోయి అవతలికి జారిపోతాయి."

"కారం ఆ బాపతా?"

"అదే. జారి ఊరుకోదు. నరం పొరలో వేడిని కనిపెట్టే ద్వారం ఒకటుంది. దాన్ని లోపలి వైపు నుంచి పట్టుకుని తెరుస్తుంది. నిప్పు లేకపోయినా కాలిపోతున్నానని నరం గోల పెడుతుంది."

"చెప్పాపెట్టకుండా వచ్చి, లోపల చేరి, గోల పెట్టించడం." అతను గుడ్డ కింద నవ్వాడు. "ఎవరో గుర్తొస్తున్నారు."

"పోండి. నేను అసలే చచ్చే సిగ్గుతో ఉన్నాను."

"సరే, సరే. మరి ఇంత మంట పెట్టేది మందెట్టా అవుద్ది?"

"అరిచి అరిచి నరం అలసిపోతుందండి. కొన్నాళ్ళు రాస్తే నొప్పి కబురు మోయడం తగ్గిస్తుంది. మేము ఆ కారాన్ని సన్నటి కొవ్వు బుడగల్లో పెట్టాం. మంట తక్కువగా, మెల్లగా లోపలికి వెళ్తుందేమోనని. ల్యాబ్‌లో బాగానే వచ్చింది. అరిగిన మోకాళ్ళకు..."

చెబుతూ చెబుతూ ఆమె సిగ్గు మర్చిపోయింది. చేతులు గాల్లో బుడగలు చుడుతున్నాయి. గుడ్డ ఓ మూల ఎత్తి ఎర్రటి కన్నొకటి తనను చూస్తోందని గమనించి, టక్కున ఆగిపోయింది.

"మోకాళ్ళకా?" గడపలోంచి కోటిరత్నం గొంతు వినిపించింది. ఎంతసేపటి నుంచి వింటోందో.

దుర్గ లేచి నిలబడింది. "అవునత్తయ్యా."

"మరి నువ్వు రేపు ఎళ్ళకపోతే ఆ మందెట్టా ముందుకు పోద్ది?"

"మీరు నా మీద కోపంగా లేరా? మధ్యాహ్నం నుంచి నాతో మాట్లాడలేదు."

"కోపమా? నోరు తెరిస్తే నవ్వొచ్చుద్దని మూసుకున్నానే. కొత్త కోడలివి, నలుగురిలో చిన్నబుచ్చుకుంటావని." ఆ మాటతో అప్పటిదాకా ఆపుకున్న నవ్వంతా బయటికొచ్చేసి, గుమ్మం పట్టుకుని కూలబడింది.

దుర్గకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చేతులు మొహం దాకా తెచ్చి, అనుమానంగా వాసన చూసుకుంది. కొబ్బరినూనె వాసన, సబ్బు వాసన. అప్పుడు నిశ్చింతగా మొహం కప్పుకుంది.

"అందరూ నవ్వుతారండీ," వేళ్ళ సందుల్లోంచి అంది.

"నవ్వనీ." కరుణాకర్ లేచి కూర్చున్నాడు. "అమ్మా, రేపు కల్లం నువ్వూ జోహరాబీ చూసుకోండి. పొద్దున్నే మేమిద్దరం గుంటూరు బస్సెక్కుతున్నాం. నల్ల కళ్ళజోడు పెట్టుకుని ముందు వరసలో కూర్చుంటా. రుజువేదని ఎవరన్నా అడిగితే, లేచి నిలబడి జోడు తీస్తా."