పడవలో నీళ్ళు తోడేదెవరు

ఆ పడవ గదికి మంచి పేరు లేదు.

జాలరుల పాత సామాను దాచి జనానికి చూపించే మ్యూజియం అది. ముందు గదుల్లో గాలాలు, బుట్టలు, లాంతర్లు, వెలిసిపోయిన ఫొటోలు ఉంటాయి. వాటి జోలికి ఏ దెయ్యమూ రాలేదు. వెనక మాత్రం ఒక పెద్ద గది ఉంది. దాని మధ్యలో మనిషెత్తు చెక్క పడవ, దిమ్మల మీద నిలబెట్టి ఉంటుంది. చుట్టూ దూలాల నుంచి వలలు వేలాడుతుంటాయి. ఆ పడవ యజమాని సముద్రంలోనే పోయాడనీ, పడవ ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చిందనీ చెబుతారు.

చీకటి పడ్డాక ఆ పడవలోంచి చప్పుడు వస్తుందట. మొదట — ఎవరో బిందె కుమ్మరించినట్టు గళగళమని నీళ్ళ చప్పుడు. చాలాసేపటి తర్వాత... రేకు డబ్బాతో తోడుతున్నట్టు... చప్... చప్... చప్...

తెల్లారి చూస్తే పడవలో చుక్క నీరుండదు. కింద నేల మాత్రం తడి.

పోయినవాడు ఇంకా నడిసముద్రంలోనే ఉన్నాననుకుంటున్నాడు, పడవలోకి వచ్చిన నీళ్ళు తోడుకుంటున్నాడు అన్నారు అందరూ. అన్నవాళ్ళలో ఒక్కరూ లోపలికి వెళ్ళి చూసినవాళ్ళు కారు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పడం మనుషులకున్న పెద్ద జబ్బు. ఆ జబ్బు అంటుకుని, ముందు పనిచేసిన వాచ్‌మన్‌లు ఒకరి వెనక ఒకరు సెలవు చెప్పి పోయారు.

వాళ్ళ తర్వాత వచ్చిన వాచ్‌మన్ నాకు చెప్పిన సంగతి ఇది. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

అతను చెడ్డవాడు కాదు, పిరికివాడు. గోదాముకు కాపలా పెడితే పిల్లి కళ్ళు చూసి పారిపోయి వచ్చాడు. తోటకు కాపలా పెడితే, తాను ఆరేసుకున్న చొక్కా గాలికి చేతులూపిందని గోడ దూకాడు. చివరికి బావమరిది పూచీ పడి మ్యూజియంలో పని ఇప్పించాడు. ఇప్పించి, ఎన్నాళ్ళుంటాడో చూద్దామని ఊరందరి ముందూ నవ్వాడు. భార్య నవ్వలేదు. అన్నం పెడుతూ నెమ్మదిగా చెప్పింది.

"ఈసారి కూడా పరిగెత్తుకొస్తే తలుపు కొట్టకు. తీసేవాళ్ళుండరు."

ఆవిడ అన్న మాట మీద నిలబడే మనిషి. అలాంటి మనిషితో కాపురం చేసేవాడికి దెయ్యంతో పేచీ చిన్నదే అనిపించాలి. అతనికి అలా అనిపించలేదు. రోజూ చీకటి పడగానే ముందు గేటు దగ్గర గదిలో దూరి, దుప్పటి తల మీదికి లాక్కుని, కాపలా కాశానని తనకు తానే చెప్పుకునేవాడు. జీతం తీసుకుని దుప్పటిలో దూరడం తప్పు. ఆ మాట నేను అతని ముఖం మీదే అన్నాను. తలవంచుకున్నాడు, కథ మాత్రం ఆపలేదు.

ఆ పడవ గదిలో పగలు పనిచేసేవాళ్ళు ఇద్దరు. ఒకాయన పడవల వడ్రంగి. పడవలెలా కడతారో వచ్చినవాళ్ళకు ఉలి పట్టి చూపిస్తాడు. ఒకావిడ వలలు అల్లుతుంది. అందరూ వలలమ్మ అంటారు. వడ్రంగి కొడుక్కే వలలమ్మ కూతుర్నిచ్చారు. అంటే వియ్యాలవారు. మనవడు పుట్టేదాకా అన్నయ్యగారూ, చెల్లెమ్మా అనుకుంటూ ఒకే డబ్బాలో తెచ్చుకున్నది ఇద్దరూ పంచుకు తిన్నారు. మనవడు పుట్టాక, వాడి ముక్కు ఎవరి పోలిక అన్న దగ్గర మాట తేడా వచ్చింది. మాట మాట పెరిగి, అసలు మాటలే ఆగిపోయాయి. పిల్లవాడికి ఇప్పుడు బడికి వెళ్ళే వయసొచ్చింది. వాళ్ళ మధ్య మాట మాత్రం రాలేదు.

అవసరమొస్తే చూడవచ్చిన జనం ద్వారా మాట్లాడుకునేవారు. ఆ వలల దగ్గర కూర్చున్నావిడకు చెప్పండి, దారం నా ఉలికి చుట్టుకుందని వడ్రంగి ఎవరో కొత్త మనిషితో అనేవాడు. ఉలి కాళ్ళ మధ్య పడేసుకునే పెద్దమనిషికి దారం అడ్డమొచ్చిందా అని అడగండి అనేదావిడ. పడవ చూడ్డానికొచ్చిన పాపానికి ఆ కొత్త మనిషి ఇద్దరి మధ్యా టపా మోసి, ఇంకెప్పుడూ రాకుండా వెళ్ళిపోయేవాడు.

ఇదిలా ఉండగా ఒక ఉదయం మేనేజరు గారు వాచ్‌మన్‌ని పిలిచారు. నేల తడికి వలలు బూజు పడుతున్నాయి, ఇక ఊరుకునేది లేదన్నారు. ఆ గదిలో ఏం జరుగుతోందో రేపటికల్లా చూసి చెప్పాలి, చెప్పలేకపోతే గదికి తాళం వేస్తాం, నువ్వూ రానక్కర్లేదు అని తేల్చేశారు.

అతనికి ఇటు దెయ్యం, అటు భార్య. బాగా ఆలోచించుకుని దెయ్యాన్నే ఎంచుకున్నాడు.

ఆ రాత్రి వర్షం మొదలైంది. కరెంటు పోయింది. అతను టార్చి తీసుకుని వెనక గదివైపు నడిచాడు. టార్చి వెలిగించలేదు — వెలుతురుంటే దెయ్యానికి తాను కనిపిస్తానని. పిరికివాడి తెలివి ఎప్పుడూ ఇలాగే పనిచేస్తుంది.

తలుపు కొంచెం తెరిచే ఉంది.

లోపలికి ఒక అడుగు వేశాడు. తడి చెక్క వాసన. కళ్ళు పొడుచుకున్నా కనిపించని చీకటి...

అప్పుడు వినిపించింది. పడవ ముందు కొస నుంచి — గళగళమని నీళ్ళు.

రోజూ మొదట పోసే చప్పుడు, ఎంతోసేపటికి తోడే చప్పుడు. పోయడం అయింది కదా, తోడేలోపు పారిపోవచ్చు అనుకున్నాడు.

కానీ వెంటనే — పడవ వెనక కొస నుంచి — చప్... చప్...

ముందు పోస్తున్నారు. వెనక తోడుతున్నారు. రెండూ ఒక్కసారే.

ఒక దెయ్యం ఉంటుందని వచ్చినవాడికి రెండు దెయ్యాలు తగిలితే వాడి గతి ఏం కావాలి? కాళ్ళు వెనక్కి తిరిగాయట. అంతలో మూసి ఉన్న తన ఇంటి తలుపు కళ్ళముందు కనబడి మళ్ళీ ముందుకు తిరిగాయట.

అంతలో వెనక కొస నుంచి వణుకుతూ ఒక ఆడగొంతు... గుసగుసగా...

"పోయకు నాయనా... నీ ఆయుష్షు తీరి నువ్వు పోయావు. ఈ నీళ్ళతో నా ఉద్యోగం తియ్యకు..."

ముందు కొసన నీళ్ళు ఆగాయి. వాన చప్పుడొక్కటే. తర్వాత, అంతకంటే వణుకుతూ ఒక మగగొంతు...

"తోడకు బాబూ... నువ్వు సముద్రంలో లేవు. ఒడ్డుకొచ్చేశావు. ఇక ఇంటికి పో..."

దెయ్యం దెయ్యాన్ని బతిమాలుకోవడం వాచ్‌మన్ ఎక్కడా వినలేదు. భయం నెత్తికెక్కి కూర్చుంది. వెనక్కి ఒక్క గంతు వేశాడు. తడి నేల మీద కాలు జారింది. పట్టు దొరుకుతుందేమోనని పైకి చేతులు చాచాడు. చేతికందింది వేలాడుతున్న వల. అది దూలం నుంచి ఊడి, అతని మీదే పడింది. కొట్టుకున్నకొద్దీ చుట్టుకుంది.

వలలోంచి అతను పెట్టిన కేకకు, పడవ ఆ కొస నుంచీ ఈ కొస నుంచీ రెండు కేకలు జవాబుగా వచ్చాయి. యజమాని శవం వలలో పడి వచ్చిందనుకున్నారట వాళ్ళిద్దరూ.

టార్చి చేతిలోంచి జారి నేల మీద పడి, దానంతటదే వెలిగింది.

ఆ వెలుతురులో... బిందె పట్టుకుని వడ్రంగి. రేకు డబ్బా పట్టుకుని వలలమ్మ. మధ్యలో పడవ.



జరిగింది ఇది. చెక్క పడవను నీళ్ళకు దూరంగా ఎండబెడితే పలకలు కుంచించుకుపోయి సందులు పడతాయని వడ్రంగి బెంగ. పడవలో నీళ్ళు పోస్తానంటే మేనేజరు గారు ఒప్పుకోలేదు. అందుకని రోజూ చీకటిపడ్డాక వెనక తలుపున వచ్చి దొంగతనంగా పోసేవాడు. గది శుభ్రం చూసుకునే బాధ్యత వలలమ్మది. పడవలో నీళ్ళు కనబడితే మాట తనకొస్తుందని, తెల్లవారకముందే వచ్చి దొంగతనంగా తోడేసేది. పోసిన నీళ్ళు మాయమవుతుంటే ఆయన భయపడ్డాడు. తోడిన పడవ మళ్ళీ నిండుతుంటే ఆవిడ భయపడింది. ఇద్దరూ పోయినవాడి పనే అనుకున్నారు. ఆ రాత్రి వానకు ఆయన రావడం ఆలస్యమైంది. కప్పు కారుతుందేమోనని ఆవిడ ముందే వచ్చింది.

పగలంతా పక్కపక్కనే కూర్చునే మనుషులు. ఒక్కసారి నోరు తెరిచి అడిగి ఉంటే ఈ దెయ్యం పుట్టేదే కాదు. మాట చచ్చిన చోటే దెయ్యం పుడుతుంది.

ముందుగా వలలమ్మ తేరుకుంది. ఇన్నేళ్ళ తర్వాత వియ్యంకుడితో ఆవిడ అన్న మొదటి మాట ఇది.

"అన్నయ్యగారూ, ఇన్నాళ్ళూ నా నడుం విరగ్గొట్టింది మీరా?"

"చెల్లెమ్మా, నా పడవని ఎండబెట్టి చంపింది నువ్వా?"

ఇక ఆగలేదు. నీళ్ళ దగ్గర మొదలై, పలకల మీదుగా నడిచి, వలల బూజు దాకా వెళ్ళి, తిన్నగా మనవడి ముక్కు దగ్గరకు చేరారు. ఇన్నేళ్ళ బాకీ ఒక్క రాత్రిలో తీర్చుకోవాలి కదా. వాచ్‌మన్ వలలోంచే, అమ్మా, కాస్త నన్ను విడిపించమని అడిగాడు.

"గింజుకోకు నాయనా, వల చిరుగుతుంది" అని, ఆవిడ మళ్ళీ ముక్కు మీదికి వెళ్ళింది.

తెల్లారింది. మేనేజరు గారు వచ్చేసరికి అతను ఇంకా వలలోనే ఉన్నాడు, వాళ్ళింకా ముక్కులోనే ఉన్నారు.

దెయ్యాన్ని తరిమేశానని ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఆ ఊళ్ళో అతనంత మొనగాడు ఉండేవాడు కాడు. బావమరిది నోరూ మూతపడేది. ఆ ఆశ తనకు కలిగిందని అతను నాతో ఒప్పుకున్నాడు. అయినా చూసింది చూసినట్టే చెప్పాడు — దుప్పటి సంగతితో సహా. పిరికివాడు నిజం చెప్పడానికి ధైర్యవంతుడికంటే ఎక్కువ ధైర్యం కావాలి. ఈ ఒక్కదానికి అతణ్ణి నేను మెచ్చుకున్నాను.

మేనేజరు గారు ముగ్గురినీ సమంగా చివాట్లు పెట్టారు. ఇకమీద ఆ పని ఏదో పగలే, జనం ముందే చెయ్యమన్నారు. పొద్దున ఆయన నీళ్ళు పోయాలి, సాయంత్రం ఆవిడ తోడాలి, కింద తొట్టి పెట్టుకోవాలి. ఆయన పోసింది ఎక్కువని ఆవిడ, ఆవిడ తోడింది ముందని ఆయన. గది నోరు మూతపడటం లేదట.

వాచ్‌మన్ పని నిలిచింది. ఇంట్లో తలుపు తెరుచుకుంది. భార్య మాత్రం, ఇది పరిగెత్తకుండా వచ్చావు కాబట్టి అంది.

నిజం చెప్పినందుకు బహుమానంగా మేనేజరు గారు అతణ్ణి ఇక రాత్రి కష్టం లేకుండా పగటి డ్యూటీకి మారుస్తామన్నారు. ఎక్కడండీ అని అడిగాడు. పడవ గదిలోనే, ఆ ఇద్దరి పక్కన కుర్చీ వేస్తామన్నారు.

అతను రెండు చేతులూ జోడించాడు.

"అయ్యా... నన్ను రాత్రికే ఉంచండి. ఒంటరిగానే."